రెండు గుండ్లకమ్మలు

రాత్రి పని దిగిన మనుషులు వరసగా నిలబడి చేతులు పైకెత్తారు. పెద్దన్న మొదటివాడి చంకల కింద మొదలుపెట్టి, పక్కటెముకల మీదుగా నడుము దాకా తడిమి, పంచె ముడి దగ్గర ఒక్క క్షణం ఆగి, మోకాళ్ళ దాకా దిగి, లేచి వీపు మీద తట్టాడు. తట్టాడంటే పోవచ్చునని అర్థం. వాడు పోయాడు. రెండోవాడు వచ్చి చేతులెత్తాడు.

దొనకొండ ఇంజన్ షెడ్డు గేటు దగ్గర పెద్దన్న ఇరవై ఏళ్ళకు పైగా చేస్తున్న పని ఇదే. షెడ్డులోంచి ఇత్తడి ముక్కగానీ రాగి తీగగానీ బయటికి పోకుండా చూడాలి. అతను పొట్టి మనిషి. మెడ లావు. కంపెనీ ఇచ్చిన ఖాకీ కోటు భుజాల దగ్గర వెలిసి మట్టిరంగుకు తిరిగింది. అతని ఒంటిమీద చూడదగ్గవి చేతులే. వెడల్పాటి అరచేతులు, పొట్టి వేళ్ళు, ఎప్పుడూ శుభ్రంగా తీసిన గోళ్ళు. లోపల పనిచేసే వాళ్ళ చేతులన్నీ బొగ్గూ నూనే ఇంకి నల్లబడితే, ఆ చేతులు మాత్రం పాలిపోయి మెత్తగా ఉండేవి. తడిమేటప్పుడు అతను ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. ఎవరు చిక్కారో, ఎవరికి జ్వరం తగిలిందో, ఎవరి మొలతాడుకు కొత్త తాయెత్తు వచ్చిందో చేతులే చెప్పేవి.

వరస అయిపోయింది. యాకోబు ఉంటే ఆఖరున వచ్చేవాడు. ఇవాళ రాడని పెద్దన్నకు తెలుసు. అయినా అతని చేతులు ఇంకో మనిషి కోసం అన్నట్టు కాసేపు అలాగే ఉండి, తర్వాత కోటు జేబుల్లోకి పోయాయి.

యాకోబు బాయిలర్ ఫిట్టరు. ముప్పై దాటిన సన్నటి మనిషి. మిగతావాళ్ళంతా గుంజల్లా నిలబడి తడిమించుకుంటే అతనొక్కడే నవ్వేవాడు. "చక్కిలిగింతలు మామా, తొందరగా కానియ్యి" అనేవాడు. ఆ నవ్వు పెద్దన్నకు ఏనాడూ నచ్చలేదు. ఏమీ దాచుకోనివాడు నవ్వడం ఎందుకని అతని అనుమానం. అందుకే యాకోబును మిగతావాళ్ళకంటే ఇంకాస్త ఎక్కువసేపు తడిమేవాడు. యాకోబు ఇంకాస్త ఎక్కువ నవ్వేవాడు.

ఈ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. చంద్రశేఖరపురం వైపు గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టినవాడు పెద్దన్న. వానలు లేని ఏడు మంద చచ్చిపోతే దొనకొండ వచ్చి షెడ్డులో చేరాడు. కొన్నాళ్ళకు భార్య ఆదెమ్మ తమ్ముడు కాటమరాజును కూడా తెచ్చి లోపల పని ఇప్పించాడు. సొంత బావమరిది గనక అతని క్యారేజీ ఏనాడూ విప్పించలేదు. ఒకరోజు కాటమరాజు క్యారేజీలో పెరుగన్నం కింద ఇంజను ఇరుసుకు వేసే ఇత్తడి బిళ్ళ దొరికింది. దొరకబుచ్చుకున్నది పెద్దన్న కాదు, అటుగా వచ్చిన దొర. కాటమరాజు జైలుకు పోయాడు. పెద్దన్నను రోజంతా గేటు ముందు ఎండలో నిలబెట్టారు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూశారు. పని పోలేదుగానీ, ఆ తర్వాత అతను ఎవరినీ ఊరికే పోనివ్వలేదు. ఇంట్లో కూడా అంతే. పాలచెంబు మీద బొగ్గుతో గీత గీసిపోయేవాడు. ఉప్పు సంచికి వేసే ముడి అతనిది అతనికే తెలిసేది. గిద్దలూరుకిచ్చిన కూతురు వచ్చి తిరిగి పోయేటప్పుడు ఒకసారి ఆమె మూట బరువు చేత్తో ఎత్తి చూశాడు. కూతురు తర్వాత రావడం తగ్గించింది.

ఇరవై ఏళ్ళ తర్వాతది యాకోబు సంగతి.

షెడ్డుకు ఫోర్మనుగా ఉన్న ముసలి దొర పని విరమించి ఇంగ్లండుకు పోబోతూ, తాను కుర్రతనంలో నడిపిన ఇంజన్ను బొమ్మగా చేసి ఇమ్మని యాకోబును అడిగాడు. దాని పేరు గుండ్లకమ్మ అన్నాడు. దొనకొండ షెడ్డులో గుండ్లకమ్మ ఎవరికి తెలియదు? రోజూ ప్యాసింజరు లాగే ఇంజను. యాకోబు పాత సామాను కుప్పలోంచి దొర ఏరుకోమన్న ఇత్తడితో, పని అయ్యాక షెడ్డులోనే కూర్చుని, మూరెడు పొడుగున చిన్న గుండ్లకమ్మను చేశాడు. బాయిలర్లో గ్లాసెడు నీళ్ళు పోసి కింద సారా దీపం వెలిగిస్తే ఆ బొమ్మ బుసబుసలాడుతూ కదిలేది. పక్కన ఇంగ్లీషు అక్షరాలతో చిన్న పేరు పలక కూడా బిగించాడు.

దొర చూసి తల అడ్డంగా తిప్పాడట. ఇది కాదన్నాడట. తర్వాత యాకోబు మళ్ళీ ఒకటి చేయడం మొదలుపెట్టాడు. మొదటిదాన్ని గోనెపట్టాలో చుట్టి గేటు దగ్గరికి తెచ్చి, "దొర దీన్ని నన్నే తీసుకుపొమ్మన్నాడు మామా" అన్నాడు. పెద్దన్న దూరంగా వరండాలో నిలబడ్డ దొర వైపు చూశాడు. దొర చేయి ఊపాడు. పొమ్మన్నాడో ఆగమన్నాడో తెలియలేదు. పెద్దన్న పట్టా విప్పించి, బొమ్మను చక్రాల నుంచి పొగగొట్టం దాకా తడిమి, పంపించాడు.

దొర పోయే రోజున రెండో బొమ్మ ఆయన సామానుతో పాటు గేటు దాటింది. దాన్నీ తడిమాడు. దాని మీదా అవే అక్షరాలు. పెద్దన్నకు చదువు రాదు. అయినా గుండ్లకమ్మ పేరు ఇంజను మీద రోజూ చూస్తాడు గనక ఆ ఆకారం తెలుసు. ఒకే ఇంజను గేటు లోపలికి ఒక్కసారీ రాకుండా రెండుసార్లు బయటికి పోయిందని అతనికి అనుమానం పట్టుకుంది. ఆ రాత్రి కాటమరాజు పెరుగన్నం గుర్తొచ్చింది. రేపు ఎవరైనా అడిగితే ఎండలో నిలబడేది తానే. కొత్త ఫోర్మను చెన్నకేశవరావు మద్రాసు నుంచి వచ్చి చేరిన మర్నాడే ఆయన దగ్గరికి పోయి చెప్పేశాడు.

యాకోబు ఇంట్లో మంచం కింద, పాత చీరలో చుట్టి బొమ్మ దొరికింది. దుమ్ము పడకుండా చుట్టానని అతని భార్య చెంచమ్మ అంది. దాచినట్టే ఉందని చెన్నకేశవరావు అన్నాడు.

"దొరగారిది వేరే గుండ్లకమ్మ సార్" అన్నాడు యాకోబు. "ఆయన కుర్రప్పుడు బళ్ళారి పక్క లైనులో నడిపినది. పొగగొట్టం పొడుగంట. నేను చూడలే. ఆయన బొమ్మ గీసి చూపిస్తే చేసినా. ఇది మన గుండ్లకమ్మ. పేరొకటేగానీ బండ్లు రెండు."

"ఒకే పేరుతో రెండు ఇంజన్లా?" చెన్నకేశవరావు పెద్దన్న వైపు తిరిగాడు. "నువ్వు రెండింటినీ చూశావు కదా. ఏమంటావు?"

"అక్షరాలు ఒకటేనయ్యా" అన్నాడు పెద్దన్న.

దొర అప్పటికి ఓడ మీద ఉన్నాడు. యాకోబు పని పోయింది.

ఇవాళ మధ్యాహ్నం ఆదెమ్మ అన్నం తెచ్చింది. గేటు పక్కన రేకు నీడలో కూర్చుని పెద్దన్న క్యారేజీ విప్పాడు. విప్పగానే వేలు పెట్టి జొన్నసంకటి అడుగుదాకా కలిపి చూశాడు. ఆదెమ్మ ఆ వేలు వైపు చూసి మొహం తిప్పుకుంది. తమ్ముడు జైలుకు పోయినప్పటి నుంచి ఆమె చూస్తూనే ఉంది.

"అడుగున ఏం లేదులే, తిను" అంది. అతను తినడం మొదలుపెట్టాక, "యాకోబోళ్ళు ఈ పొద్దే పోతా ఉండారు. ఇల్లు ఖాళీ చేయమన్నారంట" అంది.

"ఏడికంట?"

"గిద్దలూరికి, చెంచమ్మ అమ్మగారింటికి. పొద్దున వచ్చి నా చాట ఇచ్చిపోయింది."

"మన చాటేనా? చూసినావా?"

"మనదే. పేడతో అలికి, ఎండబెట్టి మరీ ఇచ్చింది."

పెద్దన్న నమలడం ఆపాడు. "అలకడం ఎందుకు? చిల్లి పడిందేమో."

ఆదెమ్మ నీళ్ళ చెంబు అతని ముందుకు జరిపింది. "నీ మీద ఆమె ఒక్క మాట అనలే" అంది.

"అనలేదంటే లోపల ఏదో పెట్టుకున్నట్టే."

ఆదెమ్మ ఖాళీ క్యారేజీ తీసుకుని లేచింది. గేటు దాటేటప్పుడు, ఎవరూ అడగకుండానే, మూత తీసి లోపల ఏమీ లేదని అతని వైపు వంచి చూపించి వెళ్ళింది.

ఎండ కాస్త వాలాక నంద్యాల వైపు నుంచి గూడ్సు వచ్చింది. దాని చివర చచ్చిన ఇంజనొకటి కట్టి ఉంది. విరగ్గొట్టడానికి తీసుకుపోతున్నారట. ఇరుసు వేడెక్కి పొగలు రావడంతో దొనకొండలో విప్పి షెడ్డు వెనక లైనులోకి నెట్టారు. ఒళ్ళంతా తుప్పు. చక్రాలను కలిపే కడ్డీలు ఊడదీసి ఉన్నాయి. పనివాళ్ళు ఇద్దరు ముగ్గురు చూసి, ముసలిదానికి పోయే కాలం వచ్చిందని వెళ్ళిపోయారు.

పెద్దన్న వెళ్ళలేదు. చచ్చిన ఇంజనంటే ఇత్తడి పీక్కోవడానికి ఎవడో ఒకడు వస్తాడు. ఏమేం మిగిలి ఉన్నాయో ముందే చూసి పెట్టుకోవాలి. దాని చుట్టూ తిరిగాడు. పక్కన మసి కింద ఏదో మెరిసినట్టయితే కోటు చేతితో రుద్దాడు. ఇత్తడి పలక. అక్షరాలు బయటపడ్డాయి.

గుండ్లకమ్మ.

మన ఇంజను పలక ఊడదీసి ఎవడో దీనికి బిగించాడని అతనికి మొదట అనిపించింది. గబగబా షెడ్డు ముందుకు నడిచాడు. నీళ్ళ గొట్టం కింద గుండ్లకమ్మ నిలబడి నీళ్ళు పట్టుకుంటోంది. దాని పలక దాని పక్కనే ఉంది. మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఇక్కడిదీ ఇక్కడే ఉంది. మరలు తుప్పుపట్టి ఇనుములో కలిసిపోయి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ కదిలించినవి కావు.

అప్పుడు తలెత్తి పైకి చూశాడు. పొడుగాటి పొగగొట్టం. చివర గిన్నెలా విచ్చుకుని ఉంది.

అతని కుడి అరచేతిలో ఏదో కదిలినట్టయింది. దొర సామానులోని రెండో బొమ్మను తడిమినప్పుడు ఆ విచ్చుకున్న అంచు ఇక్కడే గుచ్చుకుంది. మొదటి బొమ్మకు అది లేదు. దాని పొగగొట్టం పొట్టిగా, బొటనవేలంత ఉంది. చేయి ఆనాడే తేడా పట్టింది. అడిగినప్పుడు తానే చెప్పలేదు.

పెద్దన్న గేటు దగ్గరికి వచ్చి తన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఇంకెవరూ ఆ పలక చూడలేదు. రేపు ఇరుసు చల్లారితే దీన్ని లాక్కుపోతారు, విరగ్గొడతారు. ఇప్పుడు పోయి చెబితే ఆనాడు ఎందుకు చెప్పలేదంటారు. ఇరవై ఏళ్ళ కిందటి ఆ ఎండ మాడు మీద పడ్డట్టే ఉంది. అసలు ఈ ఇంజను ఇవాళే ఎందుకు వచ్చింది? ఇందులో యాకోబు చేయి ఏమైనా ఉందా? అంత పెద్ద ఇంజన్ను ఎవరు మాత్రం కుట్ర చేసి తెప్పించగలరని తనకే తోచి, సిగ్గేసింది. కాసేపటికి లేచి, కోటు గుండీలు పెట్టుకుని ఫోర్మను గది వైపు నడిచాడు.

చెన్నకేశవరావు బల్ల మీద కాగితాలు ఎగరకుండా యాకోబు చేసిన బొమ్మ పెట్టి ఉంది.

"అయ్యా, ఒకసారి బయటికి రావాల."

"ఏమిటి?"

"ఇంకో గుండ్లకమ్మ వచ్చిందయ్యా."

చెన్నకేశవరావు వచ్చి చూశాడు. పలక మీద అక్షరాలు పైకే చదివాడు. ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేసరికి ముఖం మారిపోయింది.

"ఆ రోజు అడిగితే రెండూ ఒకటే అన్నావు."

"అక్షరాలు ఒకటే అన్నానయ్యా."

"రెండూ తడిమినవాడివి. తేడా తెలియలేదా?"

పెద్దన్న అరచేతుల వైపు చూసుకున్నాడు. "తెలిసింది" అన్నాడు.

తిట్లు పడతాయనుకున్నాడు. చెన్నకేశవరావు తిట్టలేదు. మద్రాసుకు ఒక్క ముక్క రాసి కనుక్కుని ఉంటే సరిపోయేదని ఆయనకూ తోచినట్టుంది. గదిలోకి పోయి బొమ్మ తెచ్చి పెద్దన్న చేతుల్లో పెట్టాడు. "ఇది వాడికివ్వు. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను. మళ్ళీ పనిలోకి రమ్మన్నానని చెప్పు. పరుగెత్తు, బండి ఎక్కకముందే పట్టుకో."

పెద్దన్న బొమ్మతో గేటు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం మారే కాపలావాడు దేవరాజు వచ్చి ఉన్నాడు.

"ఏందన్నా అది? చీటీ ఉందా?"

"ఫోర్మనయ్య ఇచ్చినాడు."

దేవరాజు ఇబ్బందిగా కదిలాడు. "నువ్వే చెప్పినావు గదన్నా, ఎవరైనా సరే చీటీ లేంది..."

పెద్దన్న బొమ్మను నేలమీద పెట్టి చేతులు పైకెత్తాడు. దేవరాజు చేతులు గరుకుగా, తొందరగా ఉన్నాయి. అవి పంచె ముడి దగ్గర ఆగాయి. అక్కడ ఏమీ లేదని పెద్దన్నకు తెలుసు. అయినా ఊపిరి బిగబట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం అంత పొడుగ్గా ఉంటుందని అతనికి ఇంతకాలం తెలియదు. దేవరాజు వీపు మీద తట్టాడు. పెద్దన్న బొమ్మ ఎత్తుకుని గేటు దాటాడు.

యాకోబు క్వార్టరు తలుపు తీసే ఉంది. లోపల నేల ఊడ్చి ఉంది. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. పెద్దన్న స్టేషను వైపు పరుగులాంటి నడక నడిచాడు. కోటు కింద చెమట కారిపోతోంది. దారిలో ఎదురైన ఇద్దరు ఖాకీ కోటు వాడి చేతుల్లో ఇత్తడి బొమ్మ చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ప్లాట్‌ఫారం చివర యాకోబు రేకు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. చెంచమ్మ చంటిపిల్లను భుజాన వేసుకుని పక్కన నిలబడింది. పెద్దన్నను చూడగానే యాకోబు లేచి, అలవాటుగా నవ్వబోయి ఆగిపోయాడు.

పెద్దన్న బొమ్మను అతని ముందు దించాడు. ఊపిరి అందడానికి కాస్త సేపు పట్టింది.

"నువ్వు చెప్పిందే నిజం. ఇంకో గుండ్లకమ్మ ఉంది. ఈ పొద్దు షెడ్డుకొచ్చింది. నేను చూసినా."

యాకోబు కళ్ళు ఒక్కసారిగా వెలిగాయి. "వచ్చిందా? ఎట్లుంది మామా? పొగగొట్టం నేను చేసినట్టే ఉందా?"

"అట్లనే ఉంది. పైన గిన్నె మాదిరి."

"గిన్నె లోతుగా ఉందా, వెడల్పుగా ఉందా? దొర గీసినదాంట్లో సరిగ్గా తెలీలే. నా తెలివితో చేసినా."

"వెడల్పే. నువ్వు చేసినట్టే. చేతికి అట్లనే తగిలింది."

"దేవుడా" అన్నాడు యాకోబు మెల్లగా. చూడని ఇంజను చూసినంత తృప్తి అతని ముఖంలో కనిపించింది. దాన్ని చూసి పెద్దన్నకు ధైర్యం వచ్చింది.

"ఫోర్మనయ్య నిన్ను పనిలోకి రమ్మన్నాడు. పా, పోదాం. పెట్టె నేను పట్టుకుంటా."

ఆ తృప్తి పోయింది. యాకోబు పట్టాల వైపు తిరిగాడు.

"రాను మామా."

"ఏం? తప్పు లేదని తేలింది గదా."

యాకోబు రేకు పెట్టెకు రెండడుగులు ఎడంగా జరిగాడు. ప్లాట్‌ఫారం మీద, అందరూ చూస్తుండగా, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. "చూసుకో మామా. పోయేటోన్ని గదా" అన్నాడు. వెక్కిరింపో అలవాటో పెద్దన్నకు తెలియలేదు. ఈసారి అతను నవ్వలేదు. పెద్దన్న చేతులు కోటు జేబుల్లోంచి బయటికి రాలేదు.

"ఇంగ దించయ్యా చేతులు" అంది చెంచమ్మ. పిల్లను మొగుడికి అందించి బొమ్మను కొంగుతో తుడిచింది. "దీన్ని వదిలిపెట్టి పోతామా? నీ చేత్తో చేసింది" అని పెట్టె మూత తెరిచి, చోటు చేయడానికి లోపలి సామాను ఒక్కొక్కటే బయటికి తీయసాగింది. దుప్పటి, గిన్నెలు, పిల్ల గుడ్డలు, బైబిలు. పెద్దన్న చూపు అతనికి తెలియకుండానే పెట్టె అడుగుకు పోయింది. దుప్పటి మడతల కింద, గిన్నెల వెనక, మూలల్లో వెతికింది. వెతుకుతున్నట్టు అతనికి తెలిసేసరికి చెంచమ్మ అతన్నే చూస్తోంది.

ఆమె అడుగున ఉన్న ఆఖరి గుడ్డ కూడా పైకెత్తి, అతనికి కనిపించేలా దులిపి, మళ్ళీ పరిచింది.

బండి కూత వేసింది. చేతికందినవి అందినట్టు పెట్టెలో కుక్కి మూత వేశారు. బండి ఆగింది. యాకోబు పెట్టె భుజానికెత్తుకున్నాడు. పెద్దన్న సాయం పట్టబోయాడుగానీ పెట్టె అప్పటికే రైలు డబ్బాలోకి పోయింది. చెంచమ్మ పిల్లతో ఎక్కింది. బండి కదిలాక యాకోబు కిటికీ దగ్గరికి వచ్చి, "అత్తను అడిగినానని చెప్పు మామా" అన్నాడు. ఆదెమ్మను అతను అత్త అనే పిలిచేవాడు. పెద్దన్న తలూపాడు. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచాడు. కిటికీ దాటిపోయింది.

బండి సగం ప్లాట్‌ఫారం దాటాక అతని కాలికి ఏదో తగిలింది. పెట్టె ఉన్నచోట, హడావుడిలో దొర్లిపోయిన పప్పుగుత్తి పడి ఉంది. పెద్దన్న దాన్ని తీసుకుని బండి వెంట పరుగెత్తాడు. "ఓయ్ యాకోబూ! చెంచమ్మా!" అని కేకేశాడు. ఆఖరి డబ్బా అతన్ని దాటి, మార్కాపురం వైపు మలుపు తిరిగింది.

ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. పెద్దన్న చేతిలోని దాన్ని చూశాడు. పట్టుకుని పట్టుకుని నున్నబడిన పిడి మీద ఆమె వేళ్ళు ఆనేచోట చిన్న పల్లం ఉంది. అడుగున, చెక్క గాట్లలో, మధ్యాహ్నం ఎనిపిన పప్పు ఇంకా తడి ఆరకుండా పసుపుపచ్చగా ఉంది.